కొత్త జీనోమ్‌లో 41 వేల జన్యువులు కనిపిస్తే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంతవరకు ఎవరూ సీక్వెన్స్ చేయని ఒక పెంకు పురుగు జీనోమ్‌ను హైఫై రీడ్లతో (పొడవుగా, కచ్చితంగా చదివిన డీఎన్‌ఏ ముక్కలతో) కూర్చి, హై-సీ డేటాతో (ఏ ముక్క దేని దగ్గర ఉందో చెప్పే డేటాతో) క్రోమోజోమ్ స్థాయికి తెచ్చారు. ఆర్థోడీబీ అనే భాండాగారంలోని ప్రోటీన్లను ఆధారంగా ఇచ్చి, జన్యువులను గుర్తించే బ్రేకర్2 ప్రోగ్రామ్ నడిపారు. 41 వేల జన్యువులు వచ్చాయి. ఉండాల్సిన జన్యువులు ఎన్ని ఉన్నాయో కొలిచే బుస్కో 96 శాతం చూపిస్తోంది. ఎదిగిన పురుగుల నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ-సీక్ డేటా (ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపే ఆర్‌ఎన్‌ఏ రీడ్లు) చేతిలో ఉంది కానీ ఇంకా కలపలేదు. "ఈ సంఖ్యను నమ్మి ముందుకు వెళ్లనా, ఇంకో ప్రోగ్రామ్ నడిపి చూడనా?" అని అడిగారు.

నమ్మకండి. ఇంకో ప్రోగ్రామ్ కూడా ఇప్పుడే నడపకండి. ముందు మీ దగ్గరున్న 41 వేలలో ఏముందో కళ్లతో చూడండి.

ఆ సంఖ్య ఎందుకు ఎక్కువో చెబుతాను. మీ పురుగుకు చుట్టాల్లో బాగా చదివిన జీనోమ్ ట్రైబోలియం కాస్టేనియం, అంటే ఎర్ర పిండి పురుగుది. 2008లో ప్రచురించారు, ఆ తర్వాత చాలాసార్లు సరిదిద్దారు. అందులో జన్యువులు 16 వేల పైచిలుకు. డ్రోసోఫిలా ఈగలో ప్రోటీన్ జన్యువులు దాదాపు 14 వేలు. కీటకాల్లో జన్యువుల సంఖ్య జాతిని బట్టి మారుతుంది, నిజమే. కానీ రెండున్నర రెట్లు ఎక్కువ వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది పురుగును కాదు, మన పనిని. డాఫ్నియా పులెక్స్ అనే వాటర్ ఫ్లీ (ఈగ కాదు, నీటిలో ఉండే రొయ్యల చుట్టం) కథ దీనికి మంచి ఉదాహరణ. 2011లో దాని జీనోమ్ వచ్చినప్పుడు కనీసం 30,907 జన్యువులున్నాయని, మనిషికన్నా ఎక్కువని బాగా ప్రచారమైంది. 2017లో అదే జాతికి చెందిన ఇంకో వంశం నుంచి మెరుగైన అసెంబ్లీ (రీడ్లను కూర్చి కట్టిన జీనోమ్) చేసి చూస్తే 18,440 తేలాయి. మొదటివాళ్లు అజాగ్రత్తగా చేశారని కాదు. అప్పటి అసెంబ్లీలో ముక్కలు ఎక్కువ, వాటి మీద కట్టిన జన్యువులూ ముక్కలే.

మరి బుస్కో 96 శాతం చూపిస్తోంది కదా అంటారు. కీటకాల బుస్కో సెట్‌లో (ఓడీబీ10) ఉన్నవి 1,367 జన్యువులు. దాదాపు అన్ని కీటకాల్లోనూ ఒక్కో కాపీగా ఉండేవి, పరిణామంలో పెద్దగా మారనివి, ఏ ప్రోగ్రామ్‌కైనా సులువుగా దొరికేవి. అవి ఉన్నాయా లేవా అన్నదే బుస్కో చెబుతుంది. వాటితోపాటు ఇంకేం పోగుపడిందో దానికి తెలియదు. 16 వేల మంచి జన్యువులున్న సెట్‌కీ, అదే 16 వేలకు 25 వేల తాలు కలిపిన సెట్‌కీ బుస్కో ఒకే మార్కు వేస్తుంది. తాలు ఎంతుందో తెలియాలంటే ఓమార్క్ లాంటి పరికరం కావాలి. మీ ప్రోటీన్లలో ఎన్ని మీ పురుగు వంశంలో తెలిసిన కుటుంబాలకు సరిపోతున్నాయో, ఎన్ని ముక్కలో, ఎన్ని వేరే వంశానికి చెందినట్టున్నాయో అది విడివిడిగా చూపిస్తుంది. ప్రోటీన్ మోడ్‌లో బుస్కో నడిపితే ఒక్కో జన్యువుకు ఒక్క పొడవైన ఐసోఫామ్ (ఒకే జన్యువు నుంచి వచ్చే ప్రోటీన్ రూపాల్లో ఒకటి) మాత్రమే ఇవ్వండి. అన్ని ఐసోఫామ్‌లూ ఇస్తే లేని డూప్లికేషన్ కనబడుతుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మీ ఆర్‌ఎన్‌ఏ-సీక్ రీడ్లను స్టార్‌తోనో హైశాట్2తోనో జీనోమ్ మీద అమర్చండి. ట్రైబోలియం ప్రోటీన్లను మినీప్రోట్‌తో అదే జీనోమ్ మీద అమర్చండి. ఈ రెండింటినీ, బ్రేకర్ ఇచ్చిన జీఎఫ్ఎఫ్ ఫైలునూ (జన్యువులు ఎక్కడున్నాయో రాసిన పట్టిక), రిపీట్ల (జీనోమ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే వరుసల) ఫైలునూ, జీనోమ్‌ను తెర మీద చూపే ఐజీవీలో ఒకదాని కింద ఒకటి తెరవండి. తర్వాత జన్యువుల జాబితా నుంచి యాదృచ్ఛికంగా 50 ఎంచుకుని ఒక్కొక్కటే చూడండి. మీకు ఇష్టమైన జన్యువులు కాదు, చీటీ తీసినట్టు ఎంచినవే కావాలి. ఒక పూట పని. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కరితోనూ నేను మొదట చేయించేది ఇదే. ఇది చేయకుండా తర్వాతి అడుగు వేయనివ్వను.

మీకు మొదట ఎదురయ్యే రకం ఇలా ఉంటుందని నా అంచనా. ఒకే ఎక్సాన్ (జన్యువులో చివరి ఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగం), సుమారు వెయ్యి బేసుల పొడవు. దాని మీద ఒక్క ఆర్‌ఎన్‌ఏ రీడ్ కూడా ఉండదు. ట్రైబోలియం ప్రోటీన్ల నుంచీ ఆసరా ఉండదు. అటూ ఇటూ రిపీట్లు గుర్తించిన గీతలుంటాయి, మధ్యలో సరిగ్గా ఈ జన్యువు మేర మాత్రం ఖాళీ. ఆ ప్రోటీన్‌ను, తెలిసిన ప్రోటీన్ భాగాలను (డొమైన్లను) వెతికే ఇంటర్‌ప్రోస్కాన్‌కు ఇస్తే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ డొమైన్, పీఫామ్‌లో ఆర్‌వీటీ_1, తగులుతుంది. అది ట్రాన్స్‌పోజాన్, అంటే జీనోమ్‌లో చోటు మారుతూ తన కాపీలు పెంచుకునే డీఎన్‌ఏ ముక్క. అది కూడా ప్రోటీన్‌ను కోడ్ చేసేదే. ఏటీజీ ఉంటుంది, పొడవైన రీడింగ్ ఫ్రేమ్ ఉంటుంది, కోడాన్ల పోకడ కూడా ఉంటుంది. ప్రోగ్రామ్ దాన్ని జన్యువనుకోవడంలో వింతేమీ లేదు. మీ 50లో ఇలాంటివి 15, 20 కనిపిస్తే 41 వేలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసిపోయినట్టే.

దీనికి మందు మాస్కింగ్‌లో, అంటే రిపీట్లకు ముందే గుర్తు పెట్టడంలో ఉంది. మీ జాతికి సొంత రిపీట్ లైబ్రరీని రిపీట్‌మోడలర్2తో కట్టాలి. తెలిసిన రిపీట్ల భాండాగారమైన డీఫామ్‌లో ఉన్నవాటితోనే సరిపెట్టుకుంటే కొత్త పురుగులో సొంతంగా పెరిగిన ట్రాన్స్‌పోజాన్లు చాలా తప్పించుకుంటాయి. అయితే ఆ లైబ్రరీని కట్టిన వెంటనే వాడేయకండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రిపీట్‌మోడలర్‌కు తెలిసింది "ఈ వరుస జీనోమ్‌లో చాలాచోట్ల ఉంది" అన్నంతవరకే. జింక్ ఫింగర్ ప్రోటీన్లు, సైటోక్రోమ్ పీ450లు, వాసన గ్రాహకాలు కూడా చాలాచోట్ల ఉంటాయి. అవి లైబ్రరీలో "అన్‌నోన్" అన్న పేరుతో చేరిపోతాయి. అలాగే మాస్క్ చేస్తే మీరు ఏ కుటుంబాల గురించి రాయాలని ఈ జీనోమ్ మొదలుపెట్టారో అవే మాయమవుతాయి. కాబట్టి లైబ్రరీలోని అన్‌నోన్ వరుసలను, మనుషులు పరిశీలించి పెట్టిన స్విస్-ప్రోట్ ప్రోటీన్లతో పోల్చండి. ట్రాన్స్‌పోజాన్ ప్రోటీన్లను ముందే పక్కన పెట్టి, మామూలు జన్యువులతో బలంగా కలిసేవాటిని లైబ్రరీ నుంచి తీసేయండి. ఆ తర్వాతే రిపీట్‌మాస్కర్.

మాస్కింగ్ మెత్తగా చేయాలి, అంటే రిపీట్ బేసులను చిన్న అక్షరాల్లోకి మార్చాలి, ఎన్ అక్షరాలతో కప్పేయకూడదు. చిన్న అక్షరాలుంటే, బ్రేకర్ లోపల జన్యువులను గుర్తించే ఆగస్టస్ అక్కడ ఎక్సాన్ పెట్టడానికి వెనకాడుతుంది కానీ బలమైన ఆధారముంటే పెడుతుంది. ఎన్‌లు పెడితే ఎక్సాన్ అంచున ఉన్న చిన్న రిపీట్ కూడా జన్యువును తెగ్గొడుతుంది.

మీ 50లో రెండో రకం ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. పక్కపక్కనే రెండు జన్యువులు, ఒకే దిశలో, మధ్యలో సుమారు 40 వేల బేసుల ఎడం. మొదటిదాని ప్రోటీన్‌ను ట్రైబోలియంతో పోలిస్తే అక్కడి ఒక ప్రోటీన్ మొదటి సగంతో కలుస్తుంది. రెండోది అదే ప్రోటీన్ రెండో సగంతో కలుస్తుంది. ఆర్‌ఎన్‌ఏ-సీక్ వరుసను చూస్తే మొదటి జన్యువు చివరి ఎక్సాన్ నుంచి రెండోదాని తొలి ఎక్సాన్‌కు రీడ్లు వంతెన కట్టి ఉంటాయి. అంటే ఒకే జన్యువు పెద్ద ఇంట్రాన్ (ఎక్సాన్ల మధ్య, కత్తిరించి తీసేసే భాగం) దగ్గర రెండుగా తెగింది. లెక్కలో ఒకటి రెండయింది. మీరు రేపు ఆ కుటుంబం "విస్తరించింది" అని రాస్తే అది ఈ తెగిన ముక్క వల్లే అవుతుంది.

ఇంట్రాన్ పొడవు గురించి ఒక మాట. రీడ్లను జీనోమ్ మీద అమర్చే మినీమ్యాప్2 స్ప్లైస్ మోడ్‌లో, మినీప్రోట్‌లో గరిష్ఠ ఇంట్రాన్ డిఫాల్ట్ 2 లక్షల బేసులు. చాలా కీటక జన్యువులకు అది చాలు. కానీ మనిషి డిస్ట్రోఫిన్ జన్యువులో 44వ ఇంట్రాన్ ఒక్కటే దాదాపు 2,48,000 బేసులు. డ్రోసోఫిలా వై క్రోమోజోమ్ మీద ఉన్న కొన్ని జన్యువుల్లో రిపీట్లతో నిండిన ఇంట్రాన్లు పది లక్షల బేసులు దాటతాయి. జీనోమ్ పెద్దదైతే ఈ హద్దు పెంచాలి. చిన్న జీనోమ్‌లో అనవసరంగా పెంచితే దూరాన ఉన్న వేరే కాపీకి వంతెన పడుతుంది. మీ పురుగుకు ఎంత పెట్టాలో బుస్కో జన్యువుల్లోనే ఇంట్రాన్ పొడవులు లెక్కేసి చూసుకోవచ్చు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, రెండు జన్యువులు ఒకటిగా అతుక్కోవడం. జన్యువులు దగ్గర దగ్గరగా ఉన్నచోట ఒకదాని 3' యూటీఆర్ (జన్యువు కొసన ప్రోటీన్‌గా మారని భాగం) పక్కదాని 5' యూటీఆర్ మీదికి వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ రీడ్లు తెగకుండా సాగిపోతాయి, ప్రోగ్రామ్ రెండింటినీ కలిపేస్తుంది. ఒకే కుటుంబపు కాపీలు వరసగా ఉన్నచోట ఇంకా ఘోరం. మొదటి కాపీ తొలి ఎక్సాన్లు, మూడో కాపీ చివరి ఎక్సాన్లు కలిసి ఏ పురుగులోనూ లేని ప్రోటీన్ తయారవుతుంది. పీ450లు, వాసన గ్రాహకాలు మీకు ముఖ్యమైతే వాటిని ప్రోగ్రామ్‌కు వదిలేయకండి, అపోలో అనే ఎడిటర్‌లో చేత్తో సరిదిద్దండి. వంద గ్రాహకాలుంటే వందా చూడాలి. ఓపిక పట్టాల్సిన పనే, కానీ ఆ కుటుంబం మీద పరిశోధన పత్రం రాయాలనుకునేవాళ్లకు దగ్గర దారి లేదు.

ఆర్‌ఎన్‌ఏ విషయానికి వస్తే, మీ దగ్గరున్నది ఎదిగిన పురుగులది మాత్రమే. పిండం, లార్వా, ప్యూపా దశల్లో మాత్రమే పనిచేసే జన్యువులకు అందులో సాక్ష్యం ఉండదు. వీలైతే ప్రతి దశ నుంచీ, ఆడ, మగ రెండింటి నుంచీ, యాంటెన్నా, పేగు, సంతానోత్పత్తి అవయవాల నుంచీ విడిగా తీయండి. డబ్బు ఒక్కదానికే ఉంటే వాటన్నింటి ఆర్‌ఎన్‌ఏను కలిపి ఐసో-సీక్ చేయించమంటాను. ఒక్కో రీడ్ ఒక పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ కాబట్టి పైన చెప్పిన తెగడం, అతుక్కోవడం రెండూ చాలావరకు అక్కడికక్కడే తేలిపోతాయి. ఇప్పుడున్న డేటాతో మాత్రం బ్రేకర్3 నడపండి. అది ఆర్‌ఎన్‌ఏనూ ప్రోటీన్లనూ కలిపి వాడి, టీసెబ్రా ద్వారా ఆధారమున్న ట్రాన్‌స్క్రిప్ట్‌లను ఎంచుతుంది. మాస్కింగ్ సరిచేసి ఇది నడిపితే మీ సంఖ్య 20 వేల దరిదాపులకు దిగుతుందని అనుకుంటున్నాను. దిగకపోతే మళ్లీ 50 తీసి చూడండి.

సింగిల్ సెల్ పని (ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏను విడిగా చదవడం) చేసే ఆలోచన ఉంటే యూటీఆర్‌ల సంగతి ఇప్పుడే చూసుకోండి. బ్రేకర్ మామూలుగా ఇచ్చేది కోడింగ్ భాగమే. 3' కొసను చదివే పద్ధతుల్లో రీడ్లు ఎక్కువగా 3' యూటీఆర్ మీదే పడతాయి. జీఎఫ్ఎఫ్‌లో యూటీఆర్ లేకపోతే ఆ రీడ్లు ఏ జన్యువుకూ లెక్కకు రావు. జన్యువు బాగా పనిచేస్తున్నా పట్టికలో సున్నా కనబడుతుంది.

ఇక కల్తీ. పురుగు పేగులో బ్యాక్టీరియా ఉంటుంది, ఒంటి మీద శిలీంధ్రాలుంటాయి, కణాల్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. అనోటేషన్ (జన్యువులను గుర్తించి రాయడం) మొదలుపెట్టే ముందే కల్తీని పట్టే ఎఫ్‌సీఎస్-జీఎక్స్ నడిపి, బ్లాబ్‌టూల్‌కిట్‌లో జీసీ శాతం (జీ, సీ బేసుల వాటా), కవరేజీ (ఒక్కో చోటును ఎన్ని రీడ్లు కప్పాయో) చూడాలి. 2015లో టార్డిగ్రేడ్ జీనోమ్ ఒకటి వచ్చింది. దాని జన్యువుల్లో ఆరో వంతు ఇతర జీవుల నుంచి అరువొచ్చాయన్నారు. 2016లో ఇంకో బృందం అదే జీవిని స్వతంత్రంగా సీక్వెన్స్ చేసి, వాటిలో చాలా భాగం కల్తీ అని చూపింది. అలాగని బ్యాక్టీరియాను పోలిన ప్రతిదాన్నీ కోసి పారేయడం కూడా తప్పే. ముఖ్యంగా పెంకు పురుగుల్లో! కాఫీ కాయ తొలిచే పురుగులో బ్యాక్టీరియా నుంచి వచ్చిన మాననేజ్ అనే ఎంజైమ్ జన్యువు నిజంగా ఉందని 2012లో తేలింది. డ్రోసోఫిలా అననాసే క్రోమోజోమ్‌లో దాదాపు పూర్తి వోల్బాకియా జీనోమే అతుక్కుని ఉంది. అందుకే ఒక్కో అనుమానాస్పద జన్యువుకూ కొన్ని ప్రశ్నలు వేయాలి. ఒకే హైఫై రీడ్‌లో దీని పక్కన నికరమైన పురుగు జన్యువు ఉందా? కవరేజీ చుట్టుపక్కల ఉన్నంతే ఉందా? ఇంట్రాన్ ఉందా? స్కాఫోల్డ్ (అసెంబ్లీలో ఒకటిగా కూర్చిన పొడవైన ముక్క) మొత్తం బ్యాక్టీరియాను పోలి ఉంటే అది కల్తీ. రెండు పురుగు జన్యువుల మధ్య ఒక్కటే ఇరుక్కుని ఉంటే, రీడ్లు అటూ ఇటూ దాటుతుంటే, దాన్ని ఉంచండి.

మీ బుస్కోలో డూప్లికేటెడ్ శాతం ఎంతో మీరు రాయలేదు. అది చూడండి. చాలా ఏళ్ల కిందట నేను ఒక జీనోమ్‌లో నిర్విషీకరణ జన్యువులు రెట్టింపయ్యాయని సంబరపడి, పత్రం సగం రాశాను. ప్రచురణకు పంపే ముందు ఆ "రెండో కాపీల"న్నీ చిన్న స్కాఫోల్డ్‌ల మీదే ఉన్నాయని, వాటి కవరేజీ సరిగ్గా సగమేనని గమనించాను. అవి కొత్త కాపీలు కావు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు రూపాలు అసెంబ్లీలో విడివిడిగా నిలిచిపోయాయి. పర్జ్_డూప్స్ నడిపాక నా రెట్టింపు పోయింది, పత్రంలో ఆ భాగమంతా తీసేయాల్సి వచ్చింది. అనోటేషన్ ఎంత బాగా చేసినా అసెంబ్లీలో ఉన్న తప్పు దానిలోకి దిగుతుంది. క్రోమోజోమ్‌లలో చేరని స్కాఫోల్డ్‌ల మీద మీ 41 వేలలో ఎన్ని ఉన్నాయో లెక్కేయండి. అక్కడ ఎక్కువ ఉంటే ముందు ఆ చిక్కు విప్పాలి.

ఒకే ఎక్సాన్ ఉన్నవన్నీ తీసేయమని మీకు ఎవరో సలహా ఇచ్చారని రాశారు. గంపగుత్తగా అలా చేయకండి. హిస్టోన్ జన్యువుల్లో ఇంట్రాన్లు సాధారణంగా ఉండవు. ఇంకా చాలా నిజమైన జన్యువులకు ఒకే కోడింగ్ ఎక్సాన్ ఉంటుంది. ఒకే ఎక్సాన్ ఉండి, ఆర్‌ఎన్‌ఏ లేక, చుట్టపు జీవుల్లో పోలిక లేక, డొమైన్ కూడా లేనివాటిని తీసేయండి. ట్రాన్స్‌పోజాన్ డొమైన్ తప్ప ఇంకేం లేనివాటిని తీసేయండి. ఆధారం ఒక్కటి ఉన్నా ఉంచి, ఏ ఆధారంతో ఉంచారో జీఎఫ్ఎఫ్ తొమ్మిదో గడిలో రాయండి.

పేర్ల విషయం తొందరగా చెబుతాను. ఎగ్‌నాగ్-మ్యాపర్, ఇంటర్‌ప్రోస్కాన్ సరిపోతాయి. పేరును స్విస్-ప్రోట్ నుంచి తీసుకోండి, ట్రెంబెల్ నుంచి వద్దు. ట్రెంబెల్‌లో ఉన్న పేర్లు ఎక్కువగా యంత్రం పెట్టినవి, ఒకచోట పడిన తప్పు పేరు పది జీనోమ్‌లకు పాకుతుంది. పోలిక సగం పొడవుకే ఉంటే పేరు పెట్టకుండా "హైపోథెటికల్ ప్రోటీన్" అని వదిలేయడమే నిజాయితీ.

మీ జాబితాను ఇతర పెంకు పురుగులతో పోల్చి "ఈ జాతికే ప్రత్యేకమైన జన్యువులు" తీయాలని ఉందన్నారు. దీని గురించి గట్టిగా చెప్పాలి. మీది బ్రేకర్‌తో చేసింది, ఒక చుట్టానిది ఎన్‌సీబీఐ పైప్‌లైన్‌తో చేసింది, ఇంకోదానిది పదేళ్ల కిందట మేకర్‌తో చేసింది అయితే, మీరు లెక్కపెట్టేది పద్ధతుల తేడానే. 2022లో వైస్‌మన్, మర్రే, ఎడ్డీ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపారు. వేర్వేరు పద్ధతుల అనోటేషన్లు కలిపితే వంశానికే ప్రత్యేకమనిపించే జన్యువులు 15 రెట్ల దాకా పెరిగాయి. పోల్చే జీనోమ్‌లన్నింటినీ ఒకే పద్ధతితో మళ్లీ అనోటేట్ చేయండి. అది కుదరకపోతే, ప్రత్యేకమన్న ప్రతి జన్యువు ప్రోటీన్‌నూ చుట్టాల జీనోమ్ డీఎన్‌ఏ మీదే టీబ్లాస్ట్‌ఎన్‌తో వెతకండి, వాళ్ల జన్యువుల జాబితాలో కాదు. చాలావాటికి అక్కడ జోడు దొరుకుతుంది, వాళ్ల ప్రోగ్రామ్ గుర్తించలేదంతే.

"పోయిన జన్యువులు" అనేవాటికీ ఇదే జాగ్రత్త. పక్షుల్లో లెప్టిన్ అనే హార్మోన్ జన్యువు లేదని ఏళ్లపాటు వాదన నడిచింది. 2014లో డేగలోనూ, ఇతర పక్షుల్లోనూ దొరికింది. జీసీ బేసులు బాగా ఎక్కువున్న చోటు కావడంతో సీక్వెన్సింగ్‌కు సరిగా చిక్కలేదు. జన్యువు లేదని రాసే ముందు జీఎఫ్ఎఫ్‌లో, తర్వాత అసెంబ్లీలో, చివరికి పచ్చి రీడ్లలో వెతకాలి. ట్రైబోలియంలో దాని ఇరుగుపొరుగు జన్యువులేవో చూసి, మీ పురుగులో ఆ రెండింటి మధ్య గ్యాప్ ఉందేమో కూడా చూడండి.

అన్నీ అయ్యాక జెన్‌బ్యాంక్‌కు పంపే ముందు జీఎఫ్ఎఫ్‌రీడ్‌తో ప్రోటీన్లు తీసి, మధ్యలో స్టాప్ కోడాన్ ఉన్నవెన్నో లెక్కేయండి. కొన్ని ఉంటే అసెంబ్లీలో ఒక బేసు తప్పు కావచ్చు.  వేలల్లో ఉంటే ఎక్కడో అంకె జరిగింది. జీఎఫ్ఎఫ్ లెక్క 1 నుంచి మొదలవుతుంది, బెడ్ ఫైలు లెక్క 0 నుంచి. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఒక్క బేసు జరిగితే ప్రతి ఎక్సాన్ సరిహద్దూ చెడుతుంది. దీన్ని ఐజీవీలో ఎక్సాన్ కొస దగ్గర జూమ్ చేసి ఒక్క చూపులో పట్టుకోవచ్చు. ఇంట్రాన్ తొలి రెండు అక్షరాలు దాదాపు ఎప్పుడూ జీటీ, చివరి రెండు ఏజీ కావాలి. పది ఇంట్రాన్లు చూస్తే పదింటిలోనూ అక్షరం పక్కకు జరిగి ఉంటే, తప్పు మీ ఫైలు మార్పిడిలో ఉంది.

ముందుగా ఆ 50 చూడండి. ఎన్ని ట్రాన్స్‌పోజాన్లు, ఎన్ని తెగినవి, ఎన్ని అతుక్కున్నవి, ఎన్ని సరైనవి అని నాలుగు అంకెలు రాసి పెట్టండి. వాటితోపాటు బుస్కో డూప్లికేటెడ్ శాతం, విడి స్కాఫోల్డ్‌ల మీదున్న జన్యువుల సంఖ్య చెబితే, మాస్కింగ్ ముందు సరిచేయాలో అసెంబ్లీ ముందు సరిచేయాలో నేను చెప్పగలను.